పరిశోధకుల లెక్కలకు ఒక భాండాగారము

వెనుకటి దినములలో మన పల్లెటూళ్ల గృహస్థులు పంచాంగపు అంచులమీద చిన్న చిన్న లెక్కలు వ్రాసికొనెడివారు. ఏ కార్తెలో ఎన్ని పదునుల వాన కురిసినది, ఏ చేనిలో ఎన్ని పుట్లు పండినవి, ఏ వేసవిలో బావినీరు ఎన్ని మూరలు దిగినది - ఇవియే ఆ లెక్కలు. వ్రాసినవారు తమ అవసరముకొరకే వ్రాసికొనిరి. అట్టి పంచాంగములు నలువది, ఏబది సంవత్సరములవి ఒకచోట దొరికినయెడల వాతావరణ శాస్త్రజ్ఞుడు వానిని కన్నుల కద్దుకొనును. కాని వానిలో పెక్కు అటకలమీద చెదలకు ఆహారమైనవి.

పండితులును, శాస్త్రజ్ఞులును ఇట్లు అజాగ్రత్తగా ఉండరని మనము తలంచుట సహజము. కాని వాస్తవము వేరు. మాకు పరిచితులైన ఒక అధ్యాపకులు మెట్టప్రాంతమునందలి కొన్ని గ్రామములలో బావుల నీటిమట్టమును 18 సంవత్సరములపాటు నెలనెలయు కొలిచి వ్రాసిరి. వానినిబట్టి రెండు వ్యాసములు ప్రకటించిరి. వ్యాసములలో సంవత్సరపు సగటులు మాత్రమే అచ్చైనవి. అసలు లెక్కలు కొన్ని నోటుపుస్తకములలోను, కొన్ని పాత ఫ్లాపీలలోను ఉండెను. ఆయన పదవీవిరమణానంతరము ఆ గది మరియొకరి కీయబడినది. నోటుపుస్తకములు చిత్తుకాగితముల వర్తకునికి పోయినవి. ఫ్లాపీలు ఇంటికి చేరినవి గాని, వానిని చదువు యంత్రము దొరకలేదు. కొన్ని యేండ్లకు ఒక యువకుడు వచ్చి, “బోరుబావులు విరివిగా రాకమునుపు ఆ యూళ్లలో వేసవి నీటిమట్టమెంత యుండెడిదండీ?” అని ఆయన నడిగెను. “అంతయు వ్రాసితిని నాయనా, చూపుటకు మాత్రము లేదు” అని ఆయన యనిరి. ఆ మాట మేము విన్నప్పటినుండి మరువలేకున్నాము.

ప్రయోగశాలలో చేసిన ప్రయోగమును మరల చేయవచ్చును. గడచిపోయిన వేసవిని మరల కొలువలేము. పరిశోధకుడు కొలిచి, లెక్కించి, అడిగి తెలిసికొని వ్రాసిన మూలవివరములనే నేడు దత్తాంశము అనుచున్నారు. ఇంగ్లీషులో దీనినే డేటా అందురు. వ్యాసము వండి వడ్డించిన అన్నమువంటిది. దత్తాంశము విత్తనపు గింజవంటిది. అన్నము ఒక పూటకు సరిపోవును. విత్తనము దాచినవాడు మరుసటియేడు మరల పండించుకొనగలడు.

ఈ నష్టము ఎంతటిదో కొందరు శాస్త్రజ్ఞులు స్వయముగా పరీక్షించి చూచిరి. మొక్కల, జంతువుల శరీర ప్రమాణములను కొలిచి ప్రకటించిన 516 వ్యాసములను తీసికొని, వాని కర్తలకు జాబులు వ్రాసి మూలదత్తాంశమును కోరిరి. ఆ వ్యాసములు 2 మొదలు 22 సంవత్సరముల వెనుకటివి. ఫలితములు 2014 జనవరిలో ‘కరెంట్ బయాలజీ’ అను పత్రికలో వెలువడినవి. వ్యాసము పాతబడినకొలది దత్తాంశము నిలిచియుండు అవకాశపు పాళ్లు ఏటికి 17 శాతము చొప్పున తగ్గిపోవుచున్నవని తేలినది. కర్తల విలాసములు మారిపోయినవి. కొన్నింటిని దాచిన పరికరములు పనికిరానివైనవి. ఇందు దొంగతనము లేదు, దురుద్దేశము లేదు. ఒక మనిషి బల్లసొరుగును నమ్ముకొనుటయే దీనికి మూలము.

పెద్ద సంస్థలకును ఇది తప్పలేదు. 1969లో మానవుడు చంద్రునిపై తొలిసారి కాలుమోపిన దృశ్యములు భూమికి చేరునపుడు వానిని నమోదుచేసిన మూలపు టేపులకై అమెరికా అంతరిక్షసంస్థ నాసా చాలకాలము వెదకెను. ఇతర కార్యములకు టేపుల కొరత యేర్పడిన కాలమున ఆ టేపులు చెరిపివేయబడి మరల వాడబడియుండునని 2009లో ఆ సంస్థ ప్రకటించినది. ప్రసారకేంద్రములయందు దాచబడిన ఇతర ప్రతులవలన ఆ దృశ్యములు మనకు మిగిలినవి. ఒకే ప్రతి ఒకేచోట నుండుట ఎంత ప్రమాదమో ఇంతకన్న నిదర్శన మక్కరలేదు.

దాచుట యనిన కేవలము పోకుండ పెట్టుటయే కాదని తెలుపు దృష్టాంతము మన తెలుగువారియందే కలదు. 15వ శతాబ్దియందలి తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములను ఆయన వంశీకులు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోని ఒక రాతియరలో భద్రపరచిరి. దానికి సంకీర్తన భాండాగారమని పేరు. గత శతాబ్దిలో ఆ రేకులు వెలికివచ్చి ముద్రణ పొందినవి. రాగి చెడలేదు, అక్షరము చెరగలేదు. అయితే ప్రతి పాటకును రాగము పేరు మాత్రమే చెక్కబడియున్నది, స్వరము లేదు. నాటి జనులకు వరుస నోటికి వచ్చును గనుక దానిని చెక్కవలెనని తోచియుండదు. పరంపర తెగినపిమ్మట పాటలు మిగిలినవి, వరుసలు పోయినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన విద్వాంసులు పెక్కు కీర్తనలకు మరల వరుసలు కూర్చవలసివచ్చినది. దత్తాంశ విషయమునను ఇంతే. అంకెలు మిగిలి, వాని అర్థమును తెలుపు వివరణము పోయినచో ఆ అంకెలు వరుసలేని పాటలగును.

ఇక నేటి భాండాగారముల మాట. కొన్ని శాస్త్రములకు తమ సొంత భాండాగారములు చాలకాలమునుండి కలవు. ప్రొటీనుల నిర్మాణములకు 1971లోను, జన్యువుల అక్షరక్రమములకు 1982లోను అట్టివి ఏర్పడినవి. మన దేశములో జీవశాస్త్ర దత్తాంశమునకై 2022 నవంబరులో ఫరీదాబాదునందు జాతీయ కేంద్రము జాతి కంకితము చేయబడినది. ఇవి ఒక్క శాస్త్రమునకే ప్రత్యేకింపబడినవి. కాని బావులు కొలిచిన అధ్యాపకుడు ఎచటికి పోవలెను? సంతలో ధరలు సేకరించిన విద్యార్థి, మాండలిక పదములను ధ్వనిముద్రణ చేసిన భాషాపరిశోధకుడు, బడిపిల్లల ఎత్తు, బరువు కొలిచిన వైద్యురాలు - వీరి దత్తాంశమునకు ప్రత్యేకమైన ఇల్లు లేదు. అట్టివారికొరకు ఏర్పడినవే సర్వశాస్త్ర భాండాగారములు. ఏ శాస్త్రమువారైనను, ఏ రూపములోనున్న దత్తాంశమునైనను ఇందు నిక్షేపింపవచ్చును.

వానిలో ఒకటి జెనోడో. జెనీవా నగరసమీపమున పరమాణు గర్భరహస్యములను శోధించు సెర్న్ అను సంస్థ దీనిని 2013లో నెలకొల్పినది. యూరోపియను కమిషను దీనికి తోడ్పడినది. ప్రాచీన అలెగ్జాండ్రియా గ్రంథాలయమునకు తొలి గ్రంథపాలకుడైన జెనోడోటసు పేరునుండి దీనికి ఆ పేరు వచ్చినది. రుసుము లేదు. ఒక్కొక్క నిక్షేపము సాధారణముగా 50 గిగాబైట్లవరకు ఉండవచ్చును. రెండవది ఫిగ్‌షేర్. లండనులో మూలకణములపై పరిశోధించుచున్న మార్క్ హానెల్ అను విద్యార్థి, తన వ్యాసములలో చోటుదొరకని చిత్రములును, పట్టికలును వ్యర్థమగుచున్నవని గ్రహించి దీనిని ప్రారంభించెను. మూడవది డ్రయాడ్. ఇది జీవపరిణామశాస్త్ర పత్రికల పూనికతో పుట్టి, పిమ్మట అన్ని శాస్త్రములకును తలుపులు తెరచినది. ఇచ్చట నిక్షేపములను పరిశీలించు ఉద్యోగులు ఉందురు, అందుచేత రుసుమును కలదు. నాలుగవది హార్వర్డు విశ్వవిద్యాలయపు డేటావర్స్. దాని నిర్మాణము 2006లో ఆరంభమైనది. ఆ యంత్రాంగమునే గ్రహించి ఇతర సంస్థలు తమ భాండాగారములను కట్టుకొన్నవి. హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ మెట్టపంటల పరిశోధనసంస్థయు అట్లు చేసినవానిలో ఒకటి.

ఈ భాండాగారములు చేయు ముఖ్యకార్యములు మూడు. మొదటిది భద్రత: ప్రతులు ఒకటికన్న ఎక్కువగా నుంచి, అవి చెడకున్నవా అని అప్పుడప్పుడు సరిచూచెదరు. రెండవది చిరునామా: ప్రతి నిక్షేపమునకు డీ.ఓ.ఐ. అను శాశ్వతసంఖ్య ఇచ్చెదరు. మన ఇల్లు మారినను తపాలావారికి కొత్త విలాసము తెలిపియుంచినచో జాబు మనకు చేరునట్లు, దత్తాంశము ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు మారినను ఆ సంఖ్య దానిని వెదకి చూపును. ఇట్టి సంఖ్యలను దత్తాంశములకు ఇచ్చుటకై 2009లో డేటాసైట్ అను అంతర్జాతీయసంస్థ యేర్పడినది. మూడవది గౌరవము: వ్యాసమును ఉదాహరించినట్లే దత్తాంశమును గూడ ఆ సంఖ్యతో ఉదాహరింపవచ్చును. సేకరించినవాని శ్రమ అజ్ఞాతముగా పోదు.

“నా చెమటోడ్చి కూర్చినదానిని ఇతరుల కేల ఈయవలెను?” అని అడుగువారు కలరు. ఇది న్యాయమైన ప్రశ్నయే. దీనికి సమాధానము తెలంగాణములోని ఒక పల్లెయే చెప్పుచున్నది. 1975లో ఇక్రిశాట్ సంస్థవారు మెట్టప్రాంతములలో ఆరు గ్రామములను ఎన్నుకొని, ఒక్కొక్క గ్రామములో 40 కుటుంబముల జీవనమును గమనింప నారంభించిరి. వానిలో నాటి మహబూబునగరు జిల్లాలోని ఔరేపల్లి యొకటి. పరిశీలకులు ఆ యూళ్లలోనే కాపురముండి, కొద్ది వారముల కొకమారు ఇంటింటికి పోయి, ఏమి విత్తితిరి, ఏమి పండినది, ఎంత కూలి దొరకినది, ఎంత అప్పు చేసితిరి, ఏమి తింటిరి అని అడిగి వ్రాసికొనిరి. ఇట్లు దాదాపు పది సంవత్సరములు సాగినది. వారి ఉద్దేశము మెట్టసేద్యపు బాగోగులను తెలిసికొనుట.

ఆ దత్తాంశము దాచబడినది, ఇతర పరిశోధకులకు పంచబడినది. షికాగో విశ్వవిద్యాలయములోని రాబర్టు టౌన్సెండు అను ఆర్థికశాస్త్రజ్ఞుడు ఔరేపల్లితోపాటు మరి రెండు గ్రామముల లెక్కలను తీసికొని వేరొక ప్రశ్న వేసెను: ఒక యింట పంట పోయినప్పుడు ఆ యింటివారు పస్తులుందురా, లేక ఊరు ఆదుకొనునా? 1994లో ప్రకటితమైన ఆయన వ్యాసము ప్రకారము, ఒక కుటుంబపు ఖర్చు తన సొంత ఆదాయపు హెచ్చుతగ్గులతోకన్న ఊరి సగటు ఖర్చుతో ఎక్కువగా కలిసి నడచుచున్నది. అనగా అప్పులవలననో, బంధువుల సాయమువలననో, మరే విధముననో ఊరివారు ఒకరి కష్టమును ఒకరు కొంతవరకు పంచుకొనుచున్నారు. ఆ రక్షణ సంపూర్ణముకాదు. మూడింటిలో ఒక గ్రామమున భూమిలేనివారికి అది తక్కువగా లభించుచున్నదనియు ఆ లెక్కలే చూపినవి. సేకరించినవారు వేయని ప్రశ్నకు వారి అంకెలు సమాధానము చెప్పినవి. తమ యింటి వివరములు చెప్పిన ఔరేపల్లి రైతుల మాట సముద్రములు దాటినది. ఇందువలన ఇక్రిశాట్ వారి కీర్తి తరుగలేదు, పెరిగినది.

పంచుకొనుటలో మరియొక లాభము తప్పులు బయటపడుట. 2010లో ఇద్దరు ప్రఖ్యాత అమెరికను ఆర్థికవేత్తలు, ప్రభుత్వపు ఋణము దేశాదాయములో 90 శాతమునకు మించినచో ఆ దేశాభివృద్ధి మిక్కిలి కుంటుపడునని ఒక వ్యాసములో చూపిరి. పొదుపుకోరు ప్రభుత్వములు దానిని ప్రమాణముగా చెప్పుకొన్నవి. 2013లో మాసచూసెట్సు విశ్వవిద్యాలయ విద్యార్థి యైన థామస్ హెర్నడన్ ఆ కర్తలనే అడిగి వారి లెక్కలపట్టికను తెప్పించుకొని చూడగా, సగటు తీయునపుడు ఐదు దేశముల వరుసలు పొరపాటున విడిచిపెట్టబడెను. దీనిని, ఇతర అభ్యంతరములను సవరించిన పిమ్మట, ఆ ఋణభారముగల దేశముల సగటు అభివృద్ధి సున్నకు దిగువ 0.1 శాతము కాక, 2.2 శాతమని ఆ విద్యార్థియు, అతని గురువులును తేల్చిరి. ఆ మూలపట్టిక మొదటినుండి బహిరంగముగ నున్నచో ఈ మూడు సంవత్సరములు గడచియుండెడివి కావు. దేశముల ఆదాయవ్యయ నిర్ణయములు మన యింటి పప్పు, బియ్యపు ధరలదాక వచ్చునవి గనుక, ఇది పండితుల గోష్ఠికి మాత్రమే సంబంధించిన విషయము కాదు.

ఈ కారణములచేతనే పరిశోధనకు ధనమిచ్చువారును నియమములు పెట్టుచున్నారు. అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థ తాను ధనమిచ్చు పరిశోధకులందరును దత్తాంశమును దాచి పంచు ప్రణాళికను ముందుగనే సమర్పింపవలెనను విధిని 2023 జనవరి 25 నుండి అమలుపరచినది. పరిశోధనకు వ్యయమగు ధనము చాలవరకు ప్రజల పన్నులధనమే. పైకము మనది, కూర్చినది వారు, ఫలము అందరిది కావలెను.

నిక్షేపించు పద్ధతి కష్టమైనది కాదు. పట్టికలను ఒక వర్తకసంస్థ యంత్రమున మాత్రమే తెరచుకొను రూపములో గాక, ఏ యంత్రమైనను చదువగల సాదా అక్షరరూపమున ఉంచవలెను. పక్కన ఒక వివరణపత్రము వ్రాయవలెను: ఎవరు, ఎచట, ఎప్పుడు, ఏ పరికరముతో కొలిచిరి, ప్రతి గడికి అర్థమేమి, నీటిమట్టము అడుగులా, మీటరులా, ఖాళీగానున్న చోట కొలవలేదనియా, నీరులేదనియా? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా తోచును గాని, ఎండిన బావికిని, కొలువని బావికిని గల భేదము అంతయు దానిలోనే యున్నది. దత్తాంశము వెదకిన దొరకవలెను, దొరికినది చేతికందవలెను, ఇతర దత్తాంశములతో పొసగవలెను, మరల వాడుకకు రావలెను అని 2016లో కొందరు విజ్ఞులు నాలుగు సూత్రములు చెప్పిరి. వివరణపత్రము లేనిచో ఈ నాలుగింటిలో ఏదియు నెరవేరదు. వాడుకొనువారు ఏ షరతులపై వాడుకొనవచ్చునో తెలుపు అనుమతిపత్రమును జోడింపవలెను. కొందరు తమ పేరు ఉదాహరింపవలెనని మాత్రము కోరుదురు. డ్రయాడ్ వంటిచోట ఏ షరతును లేకుండ ఇచ్చివేయుట నియమము. పిమ్మట తప్పు కనబడినచో సవరించిన ప్రతిని చేర్చవచ్చును. పాతప్రతియు తన సంఖ్యతో నిలిచియుండును.

అన్నింటిని అందరికి చూపుట ధర్మము కాదు. రోగి తన వ్యాధిని వైద్యునికి చెప్పినది నమ్మికతో. గృహిణి తన యింటి అప్పు చెప్పినదియు నమ్మికతోనే. పేర్లను, ఊరిలో గుర్తుపట్టగల వివరములను తొలగించినపిమ్మటనే అట్టివి నిక్షేపింపవలెను. చిన్న పల్లెలో పేరు తీసివేసినంతమాత్రమున మనిషి దాగడు. “ముగ్గురు కుమార్తెలు, ఒక ట్రాక్టరు” అన్నచో ఊరంతయు గుర్తించును. కావున కొన్నింటిని అర్హులైనవారు కోరినప్పుడు మాత్రమే ఇచ్చుట, కొన్నింటిని ఒక గడువుదాక మూసియుంచుట అను పద్ధతులు ఈ భాండాగారములలో కలవు. అన్నిటికన్న ముందు, వివరములు చెప్పినవారి అనుమతిని తీసికొనవలెను.

ఈ భాండాగారములకు గల పరిమితిని కూడ చెప్పుట న్యాయము. వీనిలో పెక్కింటియందు లోపలి విషయము సత్యమా, అసత్యమా అని విచారించువారు లేరు. శాశ్వతసంఖ్య ఉన్నంతమాత్రమున సరకు మంచిదనుకొనరాదు. రిజిస్టరుతపాలాలో వచ్చిన జాబు అంతయు నిజము కానక్కరలేదు గదా. తమ శాస్త్రమునకు ప్రత్యేక భాండాగార మున్నచో మొదట అచటికే పోవలెను. దానిని ఎరిగినవారు అచటనే వెదకుదురు. లేనివారికే ఈ సర్వశాస్త్ర భాండాగారము ఉత్తమము. ఏ భాండాగారమునకైనను పోషకులు కావలెను గనుక, వెనుక స్థిరమైన సంస్థ యున్నదా, మూతబడినచో నిక్షేపముల గతి యేమని వ్రాసియున్నారా అని చూచుకొనవలెను.

మా చదువరుల యిండ్లలో పట్టమునకై పరిశోధించు కుమారుడో, కుమార్తెయో ఉండవచ్చును. పదవీవిరమణము చేసిన అధ్యాపకులు ఉండవచ్చును. వారి బీరువాలోని నోటుపుస్తకములను చిత్తుకాగితములక్రింద అమ్మకముందు ఒక్కమాట అడుగుడు: “ఇందులో ఏమున్నది? దీనికి మరియొక ప్రతి యున్నదా?” వ్రాసినవారు ఎదుట నున్నప్పుడే గడుల అర్థము చెప్పించుకొని వ్రాసి పెట్టవలెను. పుస్తకములను ఫోటోలు తీయించి, వివరణపత్రముతో ఒక భాండాగారమున చేర్చుటకు ఇంటిలోని యువకులకు కొన్ని సాయంకాలములు చాలును.

పైన చెప్పిన మా అధ్యాపకులు ఇటీవల తమ అటకమీద మిగిలిన ఒకే ఒక నోటుపుస్తకమును కనుగొనిరి. అందు మూడు సంవత్సరముల లెక్కలే యున్నవి. వారి మనుమరాలు వానిని పట్టికగా వ్రాయుచున్నది. ఆయన ప్రక్కన కూర్చుండి ఏ బావి ఎవరి చేనిలోనిదో, ఏ నెలలో తాడు అందలేదో చెప్పుచున్నారు. 15 సంవత్సరముల లెక్క పోయినది, అది ఇక రాదు. ఈ మూడేండ్లది మాత్రము ఆ వచ్చిన యువకునికి అందగలదు.